కథ మధ్యలో లేవకూడదు

"మా వాటా ఇంకా రాలేదమ్మా" అంది అక్దస్ ఖానమ్, వీధి తలుపు పూర్తిగా తెరవకముందే.

శనివారం పొద్దున ఏడున్నర. మహ్షీద్ తలుపు సందులోంచే నవ్వడానికి ప్రయత్నించింది. బుధవారం మధ్యాహ్నం జరిగిన మొక్కు తాలూకు పప్పులు ఆ సాయంత్రానికే ఏడిళ్ళకూ చేరాలి. నాలుగేళ్ళుగా నెలనెలా చేరుతూనే ఉన్నాయి. ఈ నెల మాత్రం మూట ముడి విప్పలేదు. అది వాకిలి అవతల, అత్తగారు తూరాన్ ఖానమ్ గదిలో, ఆవిడ పక్కనే కూర్చుని ఉంది.

"ఆవిడకి ఒంట్లో బాగాలేదు ఖానమ్. ఒకటి రెండు రోజుల్లో పంపిస్తాను."

"ఒంట్లోనా, మనసులోనా?"

మహ్షీద్ తలుపు రెక్క కాస్త దగ్గరికి లాగింది, అక్దస్ ఖానమ్ మాత్రం ఆగలేదు.

"పిల్ల నోరు విప్పింది. మొక్కు తీరినట్టే కదా. తీపి చేసి పంచాల్సింది పోయి తలుపేసుకుని కూర్చోవడమేం చోద్యం? అసలు అలా ఎందుకు చేసిందో ఆవిణ్ణే అడిగి పోదామని వచ్చాను."

అలక సంగతే అంటోందనుకుంది మహ్షీద్. "అడిగినా చెప్పరు. మాకే చెప్పడం లేదు" అంది.

అక్దస్ ఖానమ్ మెడ సాచి లోపలికి చూసింది. ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని ఏడేళ్ళ పరస్తూ అక్కడే నిలబడి ఉంది. "ఏమ్మా, ఇవాళ నాకు సలాం లేదా?" అని అడగ్గానే పిల్ల పరదా వెనక్కి వెళ్ళిపోయింది. పరదా కింద రెండు పాదాలు మాత్రం కనబడుతున్నాయి.

"మళ్ళీ మామూలే" అంది అక్దస్ ఖానమ్ నిట్టూర్చి, వాటా సంగతి ఇంకోసారి గుర్తుచేసి వెళ్ళింది.

పరస్తూకి మాటలు రాక కాదు. ఇంట్లో అమ్మతో, నాన్నతో, బీబీ అని పిలిచే నాయనమ్మతో గలగలా మాట్లాడుతుంది. బయటి మనిషి నీడ పడితే చాలు, నోరు మూతపడిపోతుంది. బళ్ళో చేరి రెండు నెలలైనా టీచరు దాని గొంతు వినలేదు. దానికోసమే తూరాన్ ఖానమ్ మొక్కుకుంది.

ఆ మొక్కుకి ఒక పద్ధతుంది. నెలాఖరు బుధవారం ఏడు రకాల పప్పులూ ఎండుపళ్ళూ పళ్ళెంలో పోసి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలిచి, ఎండుద్రాక్ష తొడిమలు గిల్లుతూ కథ చెప్పాలి. కథ ఆ ఇంటిది. తల్లి దగ్గర విన్నది విన్నట్టే చెప్పాలి. ఎవరికోసం మొక్కారో వాళ్ళు పళ్ళెం అంచు పట్టుకుని, కథ ఆగిన చోటల్లా 'తర్వాత?' అనాలి. కథ పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు, ఇల్లు కూలినా సరే.

నాలుగేళ్ళుగా పరస్తూ అంచు పట్టుకుంటోంది. 'తర్వాత?' మాత్రం అనలేదు. తూరాన్ ఖానమ్ ప్రతిసారీ ఆ ఒక్క మాట కోసం ఆగుతుంది. ఆవిడతో పాటు గదంతా ఆగుతుంది. చివరికి అక్దస్ ఖానమ్ ఉండబట్టలేక తనే 'తర్వాత?' అనేస్తుంది.

మొన్న బుధవారం మహ్షీద్ వంటింట్లో హల్వా కలుపుతూ ఉండిపోయింది. పళ్ళెం తిరగబడిన చప్పుడుకి పరిగెత్తి వెళ్ళేసరికి పిల్ల బీబీ కప్పుకున్న చాదర్‌లో దూరిపోయి ఉంది. ఆడవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పిల్ల లేచి నిలబడి 'అలా కాదు' అందట, కథకి అడ్డొచ్చిందట. మహ్షీద్‌కి ఆ రెండు మాటలూ చాలు. మిగతాది తనే ఊహించుకుంది.

ఆమె వంటింట్లోకి వచ్చేసరికి భర్త కామ్యార్ రొట్టె మీద జున్ను రాసుకుంటున్నాడు. లెక్కల మాస్టారు. నలభైమంది మగపిల్లలకి ఏదైనా విడమరచి చెప్పగలడు గానీ తల్లి గది తలుపు దగ్గరకొచ్చేసరికి అతనికీ కూతురి జబ్బే.

"ఎవరొచ్చారు?"

"అక్దస్ ఖానమ్. పప్పుల కోసం."

"ఇచ్చెయ్యకపోయావా."

"మూట మీ అమ్మ గదిలో ఉంది. వెళ్ళి తీసుకురా, ఇస్తాను."

కామ్యార్ లేవలేదు. రొట్టె ఇంకోవైపు తిప్పాడు.

"ఒక మాట చెప్పనా మహ్షీద్? నువ్వెళ్ళి క్షమించమని అడుగు. దాంతో పోతుంది."

"నేనేం చేశానని?"

"ఆర్నెల్లుగా పిల్లకి నీ పుస్తకంలో మార్చి రాసిన ముగింపు చదివి వినిపిస్తున్నావు. అది పోయి అక్కడ అదే అంది. అమ్మ మొక్కు చెడింది."

"చెడిందా? ఎనిమిదిమంది బయటివాళ్ళ ముందు మన పిల్ల నోరు విప్పింది కామ్యార్. పుట్టాక మొదటిసారి. ఆవిడ దేనికి మొక్కుకున్నారో అదే జరిగింది. ఆవిడ కథతో నాలుగేళ్ళు జరగలేదు, నా కథతో ఆర్నెల్లలో జరిగింది."

"ఆ మాట అమ్మ ముందు అనకు."

"అనక్కర్లేదు. అచ్చులో వస్తుంది."

కామ్యార్ చాకు కింద పెట్టాడు. "ఏం వస్తుంది?"

అప్పుడు చెప్పక తప్పలేదు. గురువారం టెహ్రాన్‌కి ఫోను చేసి, అచ్చుకి సిద్ధంగా ఉన్న తన పుస్తకం చివర వేయడానికి ఒక పేజీ చెప్పి రాయించింది. ఈ కథ మార్చి రాయడం వల్లే మాట్లాడని మా అమ్మాయి మాట్లాడిందని.

"పిల్ల పేరు వేశావా?"

"లేదు. మా అమ్మాయి అని మాత్రమే."

"అమ్మ సంగతి?"

మహ్షీద్ గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. ఆ పేజీలో ఒక వాక్యం ఉంది. 'పాత ముగింపు నా కూతురి నోరు కట్టేసింది, కొత్త ముగింపు విప్పింది.' ఫోనులో చెప్పినప్పుడు ఎంతో బాగుందనిపించిన వాక్యం, ఇప్పుడు భర్త ముఖం చూస్తూ పైకి చదవలేకపోయింది. అయినా చెప్పింది.

"బాగుంది" అన్నాడు కామ్యార్. బాగుందని అన్నట్టు లేదు. రొట్టె తినకుండానే సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "ఇవాళ రెండు పూటలా క్లాసులున్నాయి. అయిదు దాటాకే వస్తాను" అని పిల్లని తీసుకుని వెళ్ళిపోయాడు.

మహ్షీద్‌కి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండేళ్ళ పని ఆ పుస్తకం. టేపు రికార్డరు ఒళ్ళో పెట్టుకుని కెర్మాన్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ముసలమ్మల దగ్గర కథలు పట్టి, ఈ కాలం పిల్లలకి తగ్గట్టు రాసింది. పన్నెండు కథల్లో పదకొండు ఎవరివో. పన్నెండోది ఈ ఇంటిది.

నేలకింద కాలువలు తవ్వే ముసలాయన మూడో కూతురి కథ. కాలువ ఎండిపోయి ఏడు ఊళ్ళు అల్లాడుతుంటే, ఆ పిల్ల కాలువ పుట్టే తల్లిబావిలోకి దిగుతుంది. అడుగున కూర్చున్న రాక్షసుడు, నీ గొంతు ఇస్తే నీళ్ళు వదులుతానంటాడు. ఇచ్చేస్తుంది. తడి కాళ్ళతో ఇంటికొస్తే తల్లి గుమ్మంలోనే నిలదీస్తుంది. పిల్ల జవాబు చెప్పలేదు. గుమ్మం ముందు పారే నీళ్ళు చెబుతాయి. అంతే కథ. గొంతు మాత్రం తిరిగి రాదు.

మాట్లాడని పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని నెలనెలా ఈ కథ చెప్పడమేమిటని మహ్షీద్ లోలోపల మండిపడేది. అందుకే తన పుస్తకంలో రాక్షసుణ్ణి నిద్రపుచ్చి, గొంతు దాచిన బుడ్డి మూత తీయించింది. పిల్ల పాడుకుంటూ ఇంటికొస్తుంది.

పదింటికి టెహ్రాన్ నుంచి ఫోను వచ్చింది. పుస్తకం వేస్తున్న వుసూఖీ గారు.

"మీ చివరి పేజీ చదివి మా టైపు చేసే అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అమ్మలందరూ దానికోసమే కొంటారు చూడండి" అందావిడ. "అక్షరం మార్చాలన్నా ఇవాళే ఆఖరు. నేనిప్పుడే ప్రెస్సుకి బయల్దేరుతున్నాను. అక్కడ రొదలో మీరు చేస్తే ఎవరూ ఎత్తరు. నాలుగు దాటాక వీలు చూసుకుని నేనే ఒకసారి చేస్తాను. మీరు తియ్యకపోతే మార్పులు లేవనుకుని మిషను ఎక్కించేస్తాను."

"మార్పులేం ఉండవు" అంది మహ్షీద్.

ఫోను పెట్టేశాక కూడా కామ్యార్ అన్న 'బాగుంది' చెవిలోంచి పోలేదు. టీ కలిపి, పటికబెల్లం ముక్క పక్కన పెట్టి, వాకిలి దాటి అత్తగారి గదికి వెళ్ళింది.

తూరాన్ ఖానమ్ కిటికీ దగ్గర కూర్చుని ఎర్ర ఉన్ని గుడ్డ మీద కుట్టిన పువ్వుని విప్పుతోంది. కుట్టడం కాదు, విప్పడం. ఆకుపచ్చ దారం ముక్కలు ఒళ్ళంతా పడి ఉన్నాయి. కోడలు వచ్చినా తలెత్తలేదు.

మహ్షీద్ క్షమించమని అడగడానికే వచ్చింది. నోటికి వచ్చింది వేరే.

"ఎన్నాళ్ళిలా మాదర్‌జాన్? చిన్నపిల్ల, తెలియక అడ్డొచ్చింది. దానిమీద కోపం పెట్టుకుంటారా?"

"పిల్లమీద నాకు కోపమేమిటి?"

మూడు రోజుల తర్వాత ఆవిడ ఆడిన మొదటి మాట అది. గొంతు బొంగురుపోయింది.

"మరి నామీదా?"

"నీమీదా లేదు."

మళ్ళీ సూది మొన దారం కిందికి దూరింది. మహ్షీద్ టీ గ్లాసు జరిపింది. ఆవిడ తీసుకోలేదు. వాకిట్లో కొళాయి బొట్టు బొట్టుగా కారుతోంది.

"మొక్కు చెడగొట్టింది పిల్ల కాదు అమ్మాయ్. నేను."

"మీరా?"

"బుధవారం నేను చెప్పింది మా అమ్మ కథ కాదు. నీ కథ."

మహ్షీద్‌కి వెంటనే బుర్రకెక్కలేదు.

"నీ కాగితాలు బియ్యం డబ్బా మీద వదిలేశావు చూడు, అప్పుడు చదివాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. బాగా రాశావు." ఆవిడ గుడ్డని మోకాలి మీద సాపు చేసింది. "చదివాక సిగ్గేసింది. నాలుగేళ్ళు ఆ కథ చెప్పాను. మాట పోయిన పిల్ల మాట లేకుండానే మిగిలిపోతుందని నా నోటితోనే చెబుతూ, మా పిల్లకి మాట ఇప్పించు దేవుడా అని అడుగుతున్నాను. ఇన్నాళ్ళూ నేనే దానికి అడ్డం పడ్డానేమో అనిపించింది. అందుకని మా అమ్మ మాట మార్చేశాను."

"అయితే పరస్తూ దేనికి అడ్డొచ్చింది?"

తూరాన్ ఖానమ్ మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. అదే మహ్షీద్‌ని భయపెట్టింది.

"బుడ్డి మూత తీసింది, గొంతు తిరిగొచ్చింది అన్నాను. అంతే, పళ్ళెం వదిలేసి లేచి నిలబడింది. 'అలా కాదు బీబీ. గొంతు రాదు. నీళ్ళే మాట్లాడతాయి' అంది. వీధిలోకి వినపడేంత గట్టిగా అంది."

అక్దస్ ఖానమ్ పొద్దున 'అలా ఎందుకు చేసిందో' అన్నది అలక సంగతి కాదు, కథ మార్చిన సంగతి.

"మరి ఈ మూడు రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు పాడుకుంటూ గిన్నెలు తోముతున్నావు. పెళ్ళై వచ్చాక నిన్నలా ఎప్పుడూ చూడలేదు. ఏ నోటితో చెప్పను?"

మహ్షీద్ పరుగున వెళ్ళి టెహ్రాన్‌కి ఫోను చేసింది. ఆఫీసులో కాపలా మనిషి ఎత్తాడు. వుసూఖీ ఖానమ్ ఎప్పుడో ప్రెస్సుకి వెళ్ళిపోయారన్నాడు. ఇక నాలుగు దాటాక ఆ ఒక్క ఫోను కోసం ఎదురుచూడాల్సిందే.

పన్నెండున్నరకి బడి గేటు దగ్గర పిల్లని అందుకుంది. రోజూ అక్కడే అడుగుతుంది, ఇవాళైనా టీచరుతో మాట్లాడావా అని. ఇవాళ నోరు రాలేదు. ఇంటికొచ్చి, వాకిట్లో ఎండ పడే మెట్టు మీద కూర్చోబెట్టి, గిన్నెలో సేమ్యా, పప్పులు వేసి కాచిన ఆష్ పోసి ఇచ్చింది. సగం తినేదాకా ఆగింది.

"పరస్తూ, మొన్న బీబీ కథ మార్చిందని కోపమొచ్చిందా?"

పిల్ల చెంచా నాకుతూ తలూపింది.

"అమ్మ రాసిన కథ బాగోలేదా?"

"బాగుంది. రాక్షసుడి గురక బాగుంది."

"మరి? ఆ అమ్మాయికి గొంతు తిరిగొస్తే మంచిదే కదా?"

పరస్తూ సేమ్యా పోగుని చెంచాకి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. ఆ ఆలస్యం అచ్చం బీబీదే.

"నీ పుస్తకంలో అందరూ మాట్లాడతారు అమ్మా. మేకలు కూడా మాట్లాడతాయి. మాట్లాడనిది అదొక్కతే. అది కూడా మాట్లాడేస్తే నేనొక్కదాన్నే మిగిలిపోతాను."

అని మళ్ళీ ఆష్‌లో పడింది. మహ్షీద్ తల తిప్పుకుని కొళాయి వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంటే పిల్ల ఎందుకని అడుగుతుందని తుడుచుకోలేదు.

అప్పుడు అవతల గది తలుపు తెరుచుకుంది. తూరాన్ ఖానమ్ మూట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ్టితో నెల ఆఖరు. సూర్యాస్తమయం లోపల కథ మొదటి నుంచీ చెప్పేస్తే మొక్కు నిలబడుతుంది. చెడగొట్టిన నోటితో నేను చెప్పకూడదు. నువ్వు చెప్పాలి."

"నాకు మాట మాటా రాదు మాదర్‌జాన్."

"టేపులో పదిసార్లు విన్నావు. ఎందుకు రాదు?"

"ఏ ముగింపు చెప్పమంటారు?"

"అది నన్నడగకు" అని ఆవిడ పళ్ళెం కడగడానికి వెళ్ళిపోయింది.

బయటి మనిషి ఒక్కరైనా లేనిదే కథ మొదలుపెట్టకూడదు. అక్దస్ ఖానమ్‌కి కబురు పెడితే మనవడి పెళ్ళి బట్టలకని ఇరుగుపొరుగువాళ్ళందరినీ వెంటబెట్టుకుని బజారుకి వెళ్ళిందట. రెండైంది, మూడైంది. ఆవిడ వచ్చేసరికి గోడ మీద ఎండ పైకెక్కింది, గడియారం నాలుగు చూపిస్తోంది. పొద్దు గుంకడానికి ముప్పావుగంట కూడా లేదు. కథకి అరగంట పడుతుంది.

"ఒక్క పదినిమిషాలు ఆగుదామా? ఫోనొకటి రావాలి" అంది మహ్షీద్.

"ఎప్పుడొస్తుంది?" అని అడిగింది అత్తగారు.

మహ్షీద్ గడియారం వైపు చూసింది. ఆగితే పొద్దు గుంకుతుంది. మొదలుపెడితే లేవకూడదు. తూరాన్ ఖానమ్ అప్పటికే తెల్లగుడ్డ పరిచి పళ్ళెం మధ్యలో పెట్టింది. పరస్తూ వచ్చి తన చోట కూర్చుని అంచు పట్టుకుంది. అక్దస్ ఖానమ్ని చూసి కళ్ళు దించుకుంది గానీ లేచి పారిపోలేదు.

మహ్షీద్ కూర్చుంది. ఒక ఎండుద్రాక్ష తీసి తొడిమ గిల్లి, ప్రతి కథా మొదలయ్యే మాటతోనే మొదలుపెట్టింది.

"ఒకరున్నారు, ఒకరు లేరు. నేలకింద కాలువలు తవ్వే ముసలాయనకి ముగ్గురు కూతుళ్ళు..."

ఆశ్చర్యంగా, మాటలు వాటంతటవే వచ్చాయి. టేపులోని అత్తగారి గొంతు తన గొంతులోకి దిగినట్టయింది. కాలువ ఎండిన చోట ఆగింది. బావిలోకి దిగిన చోట ఆగింది. ఆగిన ప్రతిచోటా పరస్తూ వైపు చూసింది, పరస్తూ పళ్ళెం వైపు చూసింది. అక్దస్ ఖానమే 'తర్వాత?' అంటూ వచ్చింది. కథలోని పిల్ల గొంతు ఇచ్చేసింది. నీళ్ళు కదిలాయి. తడి కాళ్ళతో ఇంటిదారి పట్టింది.

"గుమ్మంలోనే తల్లి ఎదురొచ్చింది. ఇంతసేపూ ఎక్కడికి పోయావే, నోరు విప్పవేం, అని నిలదీసింది."

బడి గేటు దగ్గర రోజూ తను అడిగేది అదేనని ఆ క్షణంలో తెలిసింది. కథలో ఆగాల్సిన చోటు అది కాదు, అయినా ఆగిపోయింది.

నడవలో ఫోను మోగింది.

అక్దస్ ఖానమ్ అలవాటుగా సగం లేచింది. తూరాన్ ఖానమ్ ఆవిడ చాదర్ పట్టి కూర్చోబెట్టింది. రెండోసారి మోగింది. పది అడుగులు వేస్తే చాలు, 'ఆగండి, ఆ పేజీ తీసెయ్యండి' అని చెప్పెయ్యొచ్చు. పది అడుగులు వేస్తే మొక్కు పోతుంది. మూడోసారి మోగింది. మహ్షీద్ మోకాళ్ళ మీద చేతులు ఆనించింది. లేవడానికో, లేవకుండా ఉండడానికో ఆమెకే తెలియలేదు.

ఈసారి అక్దస్ ఖానమ్ కూడా ఏమీ అనలేదు.

పరస్తూ పళ్ళెం అంచు వదల్లేదు. తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది.

"తర్వాత?" అంది.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది.